మూడో గడిలో మనిషి

మా పిన్ని పెన్ను మూతతో బల్ల మీద రెండుసార్లు కొడితే, మూడు వందల మంది ఉన్న హాలు గప్‌చుప్ అయిపోయేది. పిన్నంటే మా అమ్మ చెల్లెలు. యుద్ధానికి ముందు ఇరవై రెండేళ్ళు బస్టాండులో రిజర్వేషన్ కిటికీ వెనక కూర్చుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, రోజుకు నాలుగొందల మంది మగాళ్ళ మొహాలు కిటికీలోంచి చూసి చూసి, ఇంటికెళ్ళి ఇంకో మొహం చూసే ఓపిక లేకపోయిందనేది. నోరు అలాంటిది. చెయ్యి మాత్రం వేరు. సీటు దొరకని బాలింతకి డ్రైవరు పక్కనైనా సరే చోటు ఇప్పించి పంపేది. ముందు కడుపు నిండా తిట్టి, తర్వాత ఇప్పించేది. ఆ తిట్లు తిన్నవాళ్ళే తిరుగు ప్రయాణంలో ఆవిడ కోసం పళ్ళు తెచ్చేవాళ్ళు.

ఆవిడ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాస్తే నా గురించి కూడా రాయక తప్పదు. అందుకే ఇన్నాళ్ళూ వాయిదా వేశాను.

యుద్ధం ఆగేసరికి మా ఊళ్ళో బస్టాండూ లేదు, బస్సులూ లేవు. నాలుగు గోడలూ నిలిచున్న పెద్ద కట్టడం సినిమా హాలొక్కటే. అందులో సహాయ కేంద్రం తెరిచారు. కుర్చీలన్నీ అప్పటికే జనం పొయ్యిల్లోకి పోయాయి. తెరని ఎవరో చింపుకెళ్ళి కిటికీలకి కట్టుకున్నారు. హాలు నేల ఏటవాలు కదా, బల్ల వేస్తే ముందుకి వాలిపోయేది. పిన్ని తన బల్ల ముందు కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టించుకుంది. నా వంతుకి ఒక్కొక్కటే దొరికింది. నా పెన్సిళ్ళు రోజంతా దొర్లుతూనే ఉండేవి, నేను వంగి ఏరుకుంటూనే ఉండేదాన్ని.

మొదటి బల్ల పిన్నిది. వచ్చిన ప్రతి కుటుంబానికీ ఒక కాగితం నింపాలి. ఇంట్లో ఎంతమంది, గోడలు ఉన్నాయా, పైకప్పు ఉందా, ఇంటాయన సంగతేంటి. ఆ చివరి ప్రశ్నకి మూడు గడులు. ఉన్నాడు, తప్పిపోయాడు, చనిపోయాడు. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.

రెండో బల్ల నాది. తప్పిపోయినవాళ్ళ వివరాలు కార్డుల మీద రాసి చెక్కపెట్టెలో వరసగా పెట్టుకోవడం నా పని. పదిహేను రోజులకొకసారి కాల్పుల విరమణ గీతకి అవతల నుంచి చీటీల కట్ట వచ్చేది. ఆసుపత్రుల్లో, శిబిరాల్లో చిక్కుకుపోయినవాళ్ళు రాసిన చీటీలు. నేను బతికే ఉన్నాను, నా వాళ్ళెవరైనా నా కోసం వెతుకుతున్నారా అని అడిగేవాళ్ళు. ఒక్కో చీటీనీ నా పెట్టెతో పోల్చాలి. కార్డు దొరికితే ఇంటివాళ్ళకి కబురు పంపాలి. దొరక్కపోతే ఆ చీటీ వెనకే ఒక వాక్యం రాసి తిప్పి పంపాలి. "మీ కోసం ఇక్కడ ఎవరూ వెతకడం లేదు." ఆ వాక్యం నేను కట్టింది కాదు, పై ఆఫీసువాళ్ళు ఇచ్చారు. రాసింది మాత్రం నా చెయ్యే.

సాయంత్రం తలుపులు వేశాక పిన్ని కాగితాలూ నా కార్డులూ పక్కపక్కన పెట్టి సరిచూసుకునేవాళ్ళం. పిన్ని జాబితాలో ఎవరైనా మూడో గడిలో, అంటే చనిపోయినవాళ్ళలో ఉంటే, అతని కార్డు నా పెట్టెలోంచి తీసి ఇంకో పెట్టెలో పడేసేదాన్ని. దాన్ని మూసిన పెట్టె అనేవాళ్ళం. వచ్చిన చీటీల్ని మూసిన పెట్టెతో పోల్చే పని లేదు. చచ్చినవాడు చీటీ రాయడు కదా.

ఇల్లు కాలినవాళ్ళకి రేకులు ఇచ్చేవాళ్ళం. అందులో ఒక వరస ఉంది. మగదిక్కు చనిపోయిన ఇళ్ళకి వారంలో రేకులు. తప్పిపోయాడంటే ఆర్నెల్లు ఆగాలి. తప్పిపోయారని చెప్పి కొందరు అడవుల్లో తుపాకులు మోస్తున్నారని, వాళ్ళ ఇళ్ళకి సాయం వెళ్ళకూడదని పై ఆఫీసు పట్టుదల. ఆ నియమం రాసిన పెద్దమనిషి ఇంటికి కప్పు ఉండే ఉంటుందని పిన్ని రోజుకోసారి అనేది.

ఇస్త్రీ అక్క అలాంటి రోజుల్లో వచ్చింది. మా వీధి చివర ఇస్త్రీ బండి ఆవిడది. భర్తకి సైకిళ్ళ షాపు ఉండేది. ఊరు ఖాళీ చేస్తున్నప్పుడు దారి కాపలావాళ్ళు లారీ ఆపి అతన్నొక్కణ్ణీ దింపేశారు. ఇద్దరాడపిల్లల్నీ పట్టుకుని ఆవిడ తిరిగొచ్చేసరికి ఇంటికి గోడలే మిగిలాయి. ముందు నా బల్ల దగ్గరికొచ్చి కార్డు రాయించింది. తర్వాత పిన్ని బల్లకి వెళ్ళింది. ఆయన తప్పిపోయాడని అక్కడా చెప్పింది. నేను విన్నాను. రెండు బల్లల మధ్య నాలుగడుగులే దూరం.

చదువు రాదు కాబట్టి వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం సరిచూస్తుంటే ఆవిడ కాగితంలో టిక్కు మూడో గడిలో ఉంది. పొరపాటేమో అని పిన్నిని అడిగాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పది రోజుల్లో వానలు పడతాయంది. ఆ పిల్లల్లో చిన్నదానికి దగ్గు ఉందంది. అడిగితే ఆ ఇల్లాలు ఒప్పుకోదని, అందుకే అడగలేదని అంది. "రేకులు పడనీ. తర్వాత మెల్లిగా రెండో గడిలోకి మార్చేద్దాం. కర్ర విరగకూడదు, పాము చావాలి."

ఇస్త్రీ అక్క ఒక్కతే కాదు. అప్పటికే ఇంకో పది ఇళ్ళకి అలాగే పెట్టిందని ఆ సాయంత్రమే తెలిసింది. నాకు భయమేసింది, గర్వంగానూ అనిపించింది. మా పిన్ని కాబట్టి ఇంత తెగువ అనుకున్నాను. సైకిళ్ళాయన కార్డు తీసి మూసిన పెట్టెలో పెట్టాను.

రేకులు వచ్చాయి. వానలూ వచ్చాయి. చిన్నపిల్ల దగ్గు తగ్గింది. దిద్దుబాటు మాత్రం జరగలేదు. గడి మార్చాలంటే ఎందుకు మారుస్తున్నారో రాసి పై ఆఫీసుకి పంపాలట. ఒకటి మారిస్తే పదకొండూ బయటపడతాయి. పిన్ని ఉద్యోగం పోతుంది. దానికంటే ఆ ఇళ్ళ మీంచి రేకులు ఊడబీకుతారేమోనని ఆవిడ దిగులు. ఈ నెల కాదు, వచ్చే నెల అనుకుంటూ గడిపేశాం. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇస్త్రీ అక్క ప్రతి సోమవారం వచ్చేది. పిల్లల్ని బడి దగ్గర దింపే దారిలో నా బల్ల ముందు నిలబడి, ఏమైనా తెలిసిందా అమ్మా అని అడిగేది. ఆయన కార్డు నా కాళ్ళ దగ్గర మూసిన పెట్టెలో ఉండేది. నేను మాత్రం తెరిచిన పెట్టె ముందుకి లాక్కుని, మొదటి కార్డు నుంచి చివరిదాకా వేళ్ళతో తిప్పి, ఇంకా ఏమీ రాలేదక్కా అని చెప్పేదాన్ని. ఆ తిప్పడం ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు. ఊరికే లేదని చెప్పి పంపించొచ్చు. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనిపించకపోతే ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయేదాన్ని.

నాలుగో నెలలో చీటీ వచ్చింది.

ఆ కట్టలో నూట ఎనభై దాకా ఉన్నాయి. ఏ తొంభయ్యోదో అయ్యుంటుంది. ఎవరో నర్సు రాసిపెట్టినట్టుంది, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. సైకిళ్ళు బాగుచేసే పని. తొడ ఎముక విరిగింది. భార్య ఇస్త్రీ చేస్తుంది. ఇద్దరు కూతుళ్ళు, నేను విడిపోయేనాటికి చిన్నదానికి ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి. అంతే ఉంది.

ఆ పళ్ళు మళ్ళీ రావడం నేను చూశాను. వారం వారం నా బల్ల అంచు మీద గడ్డం ఆనించి ఆ పిల్ల నవ్వుతుంటే, ముందు ఒకటి, తర్వాత రెండోది, కొంచెం వంకరగా వచ్చాయి. కాబట్టి పోల్చుకోలేదని నేను అనలేను.

ఆ వారం పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చి ఉన్నాడు. నాకూ పిన్నికీ మధ్య కుర్చీ వేసుకుని కాగితాలు తిరగేస్తున్నాడు. మూసిన పెట్టెలోంచి కార్డు పైకి తీస్తే ఎందుకు తీశావంటాడు. చనిపోయాడని రాసినవాడు ఎలా బతికాడంటాడు. అప్పుడు పిన్ని ఉద్యోగం పోతుంది, దాంతోపాటు నాదీ. మా ఇంట్లో అప్పటికి సంపాదించేది మేమిద్దరమే. ఇవన్నీ నిమిషంలో అనుకున్నాను. ఇంకోటి కూడా అనుకున్నాను. లేదని జవాబు వెళ్ళినా జనం రెండో చీటీ రాస్తారు, మూడోదీ రాస్తారు. ఇతనూ రాస్తాడు, ఈలోగా ఈ అధికారి వెళ్ళిపోతాడు, అప్పుడు చూద్దాం అనుకున్నాను.

చీటీ వెనక్కి తిప్పి రాశాను. మీ కోసం ఇక్కడ ఎవరూ వెతకడం లేదు.

పిన్నికి చెప్పలేదు. తర్వాతి కట్టలో అతని చీటీ కోసం చూశాను. దాని తర్వాతి దాంట్లోనూ చూశాను. రాలేదు. సోమవారం మాత్రం వస్తూనే ఉంది.

రెండేళ్ళ తర్వాత అతనే వచ్చాడు. కర్ర ఊతంతో, ఒక కాలు ఈడ్చుకుంటూ, లారీ దిగాడు. మా ఊరి లారీ డ్రైవరొకడు ఎక్కడో ఇటుకల బట్టీలో అతన్ని చూసి, మీ ఆవిడ మొన్నే నా చొక్కా ఇస్త్రీ చేసిందయ్యా అని చెప్పాడట. ఇల్లు చేరేలోపే వీధి అతన్ని పట్టుకుంది. ఊరి నోటికి మూకుడు లేదు కదా. రేకులు ఎవరెవరికి ఏ లెక్కన ఇచ్చామో ఆ రోజుల్లో హాలు తలుపుకి జాబితా అంటించేవాళ్ళం. ఇస్త్రీ అక్కకి చదవడం రాదు. చదవడం వచ్చినవాళ్ళందరూ ఆవిడే అలా రాయించుకుందనుకున్నారు, రెండేళ్ళుగా చాటుగా అనుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు అతని మొహం మీదే అన్నారు. ఆ రేకులు నీ చావు మీద వచ్చినవేనయ్యా అన్నారు.

అతను ఇంట్లోకి వెళ్ళలేదు. రెండు రోజులు గుమ్మం బయటే కూర్చున్నాడు, అక్కడే పడుకున్నాడు. భార్య ఎన్ని ప్రమాణాలు చేసినా జేబులోంచి ఆ చీటీ తీసి చూపించాడట. మూడో రోజు పొద్దున్న ఆవిడ అతన్ని హాలుకి లాక్కొచ్చింది. అడగండి, ఆ పిల్లనే అడగండి అంటూ నా బల్ల ముందు నిలబెట్టింది. వరసలో ఉన్న జనం అటు తిరిగారు.

మనిషి కోపంగా లేడు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. చీటీ మడత విప్పి నా ముందు పెట్టాడు.

"ఈవిడ నా కోసం మీ దగ్గరికి వచ్చిందా, లేదా? ఆ ఒక్క మాట చెప్పండమ్మా, చాలు."

"చెప్పమ్మా," అంది ఇస్త్రీ అక్క. "సోమవారం సోమవారం వచ్చానని చెప్పు."

వచ్చిందని చెప్పడానికి ఒక్క క్షణం పట్టదు. కానీ వచ్చిందంటే మరి ఈ రాతేంటని అడుగుతాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నేను మాట్లాడకపోయేసరికి జనంలో ఎవరో నిట్టూర్చారు, ఎవరో నవ్వారు కూడా. ఇస్త్రీ అక్క మొహం పాలిపోయింది. నా మౌనం ఆవిడ మీద సాక్ష్యమైపోతోందని తెలుస్తూనే ఉంది. అయినా దొర్లిన పెన్సిలు ఏరుకునే వంకతో వంగాను.

పిన్ని లేచి వచ్చింది. చీటీ అందుకుని ముందు నర్సు రాత చదివింది, తర్వాత వెనక్కి తిప్పింది. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. నా రాత చీకట్లోనైనా గుర్తుపడుతుంది. ఆ ఒక్క వాక్యాన్ని చాలాసేపు చూసింది. నా వైపు మాత్రం చూడలేదు. చీటీ మడిచి అతని చేతిలో పెట్టింది.

"ఈవిడ మొదటి రోజే వచ్చిందయ్యా. తప్పిపోయాడనే చెప్పింది. చనిపోయాడని టిక్కు పెట్టింది నేను. ఆవిడకి చెప్పకుండా పెట్టాను. చదువు రాదని తెలిసే పెట్టాను."

"మరి ఈ రాత?" అన్నాడతను.

"నేనలా పెడితే మీ కార్డు మూసేస్తారు. మూసిన కార్డు ఎవరూ చూడరు. ఈ పిల్లకేం తెలీదు."

 కర్ర పక్కన పెట్టి ఆ ఏటవాలు నేల మీదే కూలబడ్డాడు. కాసేపటికి, పిన్నితో కాదు, భార్యతో అన్నాడు. "ఈ చీటీ చూసి మీరెవరూ మిగల్లేదనుకున్నా. ఇంక ఎవరికి రాయాలి? డ్రైవరు చెప్పాక, బతికుండీ వెతకలేదనుకున్నా. ఈ రెండింట్లో ఏది నయమో దారి పొడుగునా తేల్చుకోలేకపోయాను."

ఇస్త్రీ అక్క పిన్ని వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను. బస్టాండులో ఇరవై రెండేళ్ళు ఎవరికీ తలొంచని మా పిన్ని తల దించుకునే నిలబడింది.

"నన్నడిగుంటే వద్దనేదాన్నమ్మా. తడిసేవాళ్ళం. ఎన్ని వానల్లో తడవలేదు," అంది ఇస్త్రీ అక్క. భర్త చంకలో చెయ్యి వేసి లేపి, నెమ్మదిగా ఇంటికి తీసుకెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే పిన్ని పదకొండు కాగితాలూ తీసి, తనే కారణం రాసి, పై ఆఫీసుకి పంపింది. రేకులు పీకుతారేమోనని భయపడ్డాం. రేకులు పీకలేదు, పిన్నిని పీకారు. మిగతా పది కార్డులూ నేను తెరిచిన పెట్టెలోకి మార్చాను. ఇప్పటిదాకా వాటిలో ఒక్కదానికీ చీటీ రాలేదు. అంతకుముందు తిప్పి పంపినవాటిలో వాళ్ళలో ఎవరైనా ఉన్నారేమో, ఇంక తెలుసుకునే దారి లేదు. చీటీలకి నకళ్ళు ఉంచుకునేవాళ్ళం కాదు.

ఉద్యోగం పోయిన రోజు ఇద్దరం నడిచే ఇంటికి వెళ్ళాం. పిన్ని తన పెన్నులూ, బల్ల మీది గాజు గ్లాసూ చేతిసంచీలో వేసుకుంది. కూడలి దాటాక అడిగింది. "ఆ చీటీ వచ్చినప్పుడు నువ్వు పోల్చుకున్నావా?"

"లేదు పిన్నీ," అన్నాను.

చేతిసంచీ ఇంకో చేతికి మార్చుకుంది. తర్వాత, కట్టకి అన్నేసి చీటీలు చూస్తుంటే ఎవరికి మాత్రం గుర్తుంటాయిలే అంది. నమ్మి అందో, నన్ను కాపాడడానికి అందో ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలంటే నేను అడగాలి.

ఇప్పుడు పిన్ని ఊళ్ళో కొత్తగా వచ్చిన ఆఫీసు గేటు బయట స్టూలు వేసుకుని జనానికి అర్జీలు రాసిపెడుతుంది. ప్రతి లైనూ రాయగానే పైకి చదివి వినిపిస్తుంది. మీరు చెప్పింది ఇదేనా, ఇంకోసారి వినండి అని విసిగిస్తుంది. ఒక అర్జీకి గంట పడుతుంది. తొందరున్నవాళ్ళు ఇంకొకరి దగ్గరికి పోతారు. తిట్లు మాత్రం తగ్గాయి, నాకు అదే బాగా లేదు. మా వీధివాళ్ళు ఆవిడతో అంటీముట్టనట్టుగా ఉంటారు. ఇస్త్రీ అక్క ఆవిడ ఎదురొస్తే మొహం తిప్పుకుని పక్క సందులోకి వెళ్ళిపోతుంది. పిన్ని ఆ సందు వైపు చూడదు.

నా ఉద్యోగం ఉంది. పిన్ని బల్ల కూడా ఇప్పుడు నాదే.

భర్త ఇంట్లోకి వెళ్ళిన వారం నుంచి ఇస్త్రీ అక్క నా బట్టలు తీసుకెళ్ళి ఇస్త్రీ చేసి తెచ్చివ్వడం మొదలుపెట్టింది. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకుంది. మూడు వారాలు వద్దన్నాను. నాలుగోసారి గుమ్మంలో నిలబడి నెమ్మదిగా చెప్పింది. "మా ఆయనకి చెప్పానమ్మా. ప్రతి సోమవారం ఆ పిల్ల పెట్టె అడుగుదాకా వెతికేది, నా కళ్ళతో చూశానని చెప్పాను. ఎవరేం చేసినా, నువ్వు మాత్రం మా కోసం వెతికావు."

బట్టల మూట ఇంకా వెచ్చగా ఉంది. లోపల గదిలో పిన్ని ఉంది, ఆ మాటలు విని ఉంటుంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇస్త్రీ అక్క వెళ్ళబోతున్నదల్లా ఆగి, ఏంటమ్మా అన్నట్టు చూసింది.

కాలర్లు బాగా వచ్చాయక్కా అన్నాను.